బవుమా టెస్టు గద గెలిచాక కూడా దక్షిణాఫ్రికాకి కోటా కావాలా?

థర్డ్‌మ్యాన్:
2025 జూన్‌లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాని ఓడించి టెస్టు ఛాంపియన్లయ్యారు. కెప్టెన్ బవుమా, మ్యాచ్‌లో తొమ్మిది వికెట్లు తీసింది రబాడా. ఇద్దరూ నల్లవాళ్ళే. మరి 2016లో పెట్టినలాంటి టార్గెట్లు, అంటే సీజన్ సగటున తెల్లవాళ్ళు కానివాళ్ళు ఆరుగురు, అందులో కనీసం ఇద్దరు ఆఫ్రికన్ నల్లవాళ్ళు ఉండాలన్న లెక్కలు ఇంకా దేనికి? మెరిట్ చాలదా?

గోదారిగట్టు:
2015 వరల్డ్‌కప్ సెమీస్ గుర్తుందా అన్నా? టోర్నీ అంతా బాగా వేసిన కైల్ అబాట్‌ని కూర్చోబెట్టి, గాయం నుంచి తేరుకుంటున్న, తెల్లవాడు కాని ఫిలాండర్‌ని దించారు. ఎనిమిది ఓవర్లు, 52 పరుగులు, వికెట్ లేదు. మ్యాచ్ పోయింది. రెండేళ్ళు తిరక్కుండానే అబాట్ ఇంగ్లండ్ కౌంటీకి వెళ్ళిపోయాడు. ఫిలాండర్ అప్పటికే టెస్టుల్లో పేరున్న బౌలర్, పాపం అతనికీ కోటా ముద్ర వేశారు.

స్లిప్‌ఫీల్డర్:
ఆ సెమీస్ సంగతి ఒప్పుకుంటా. నా పేచీ 'మెరిట్ చాలదా' అన్న మాట దగ్గర. కోటా 2016లో మొదలు కాలేదండీ. 1894 ఇంగ్లండ్ టూర్‌కి క్రోమ్ హెండ్రిక్స్ అనే ఫాస్ట్ బౌలర్‌ని తీసుకెళ్ళలేదు. అతన్ని ఆడిన ఇంగ్లిష్ బ్యాట్స్‌మెన్ కూడా మెచ్చుకున్నారు. తెల్లవాడు కాదు, అదే అడ్డొచ్చింది. దక్షిణాఫ్రికా తొలి టెస్టు 1889లో. ఆఫ్రికన్ నల్లవాడికి టెస్టు క్యాప్ దక్కింది 1998లో, మఖాయా ఎన్తినికి. అంటే 109 ఏళ్ళు! అన్నాళ్ళూ నడిచింది కోటా కాక మరేమిటి?

క్యాప్ దక్కాక మాత్రం? 101 టెస్టులు, 390 వికెట్లు తీసినవాడు 2020లో టీవీలో ఏం చెప్పాడో వినండి. డిన్నర్‌కి వెళ్తూ ఒక్కరూ తన గది తలుపు తట్టేవాళ్ళు కాదట. బస్సులో తను వెనక కూర్చుంటే మిగతావాళ్ళు ముందుకి పోయేవాళ్ళట. ఆ బాధ పడలేక పొద్దున్నే బ్యాగ్ డ్రైవర్ చేతికిచ్చి గ్రౌండ్‌కి పరుగెత్తేవాడు, సాయంత్రం హోటల్‌కి మళ్ళీ పరుగే. మనం ఇక్కడ కూర్చుని 'ఏం ఫిట్‌నెస్ రా బాబూ' అనుకున్నాం!

బవుమాని సోషల్ మీడియాలో ఎంత ఆడుకున్నారో మీకూ తెలుసు. లార్డ్స్‌లో తొడ కండరం పట్టేసినా కుంటుతూ 66 కొట్టాడు, మార్‌క్రమ్‌తో 147 భాగస్వామ్యం. అది కూడా కోటాయేనా?

మిడాఫ్_రాధ:
మీరంతా జట్టు లిస్టు దగ్గరే ఆగిపోయారు. పశువులు కాసిన ఎన్తినికి డేల్ కాలేజ్ అనే స్కూల్లో సీటు దొరికింది. లాంగా టౌన్‌షిప్‌లో, అంటే నల్లవాళ్ళని విడిగా ఉంచిన పేటలో, పెరిగిన బవుమా పెద్ద పేరున్న స్కూళ్ళలో చదివాడు. రబాడాది సెయింట్ స్టిథియన్స్. అలాంటి స్కూల్లో సీటు దొరకనివాడి గతేంటి? ఇంకోటి చూడండి. బౌలర్ 1998లోనే వచ్చాడు. ఆఫ్రికన్ నల్ల బ్యాట్స్‌మన్ టెస్టు సెంచరీ కొట్టడానికి 2016 దాకా పట్టింది, అదీ బవుమాదే. బ్యాటింగ్‌కి మంచి పిచ్, నెట్స్, ఖరీదైన కిట్, రోజూ బంతులు వేసే మనిషి కావాలి. టౌన్‌షిప్ పిల్లాడికి అవన్నీ ఎవరిస్తారు?

థర్డ్‌మ్యాన్:
మేడమ్, అయితే టార్గెట్ స్కూళ్ళకి పెట్టాలి గానీ జట్టుకెందుకు?

స్లిప్‌ఫీల్డర్:
జట్టు మీద ఒత్తిడి లేకపోతే బోర్డు టౌన్‌షిప్ వైపు తొంగి చూస్తుందా? వర్ణవివక్ష వల్ల పడిన నిషేధం ఎత్తేశాక 1992లో బార్బడోస్‌లో మళ్ళీ తొలి టెస్టు ఆడారు. ఆ స్కోర్‌కార్డ్ తీసి చూడండి, పదకొండుమందీ తెల్లవాళ్ళే.