ఫ్యూజన్ పదార్థాల శాస్త్రవేత్తను సైటేషన్లతో తూచడం న్యాయమేనా?

లోహవిద్యార్థి:
మా విభాగంలో ఒక పదోన్నతి విషయమై ఈ నెలంతా వాదన నడిచింది. ఫ్యూజన్ (తేలికైన కేంద్రకాలను కలిపి శక్తిని పుట్టించే) రియాక్టరు లోపలి గోడలకు పనికొచ్చే ఉక్కుపై ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన ఆచార్యులను కాదని, అదే రంగంలో కంప్యూటరు నమూనాలు చేసే, వయసులో చాలా చిన్నవారిని ఎంపిక చేశారు. చూపిన కారణం హెచ్-ఇండెక్స్ ఒక్కటే. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హె హిర్ష్ ప్రతిపాదించిన ఈ లెక్క ప్రకారం, కనీసం 20 సైటేషన్లు (ఇతరుల పత్రాల్లో ఉటంకింపులు) చొప్పున ఉన్న పత్రాలు 20 ఉంటే ఆ వ్యక్తి సూచిక 20. ఈ కొలత ఈ రంగానికి సరిపోతుందా?

క్రీపు పరీక్షకుడు:
సరిపోదు. ఉక్కు కడ్డీని కొలిమిలో బిగించి, 550 డిగ్రీల వేడిలో బరువు వేలాడదీసి, అది ఎంత సాగుతోందో 10,000 గంటలు నమోదు చేస్తే దాదాపు పద్నాలుగు నెలలు గడిచిపోతాయి, చివరికి గ్రాఫు మీద దక్కేది ఒకే ఒక్క చుక్క. న్యూట్రాన్లు తాకినా రేడియోధార్మికత ఎక్కువకాలం నిలవని మన దేశపు ఆర్‌ఏఎఫ్‌ఎం ఉక్కు కోసం కల్పాక్కం, గాంధీనగర్ సంస్థలతో కలిసి మన హైదరాబాదు లోహ సంస్థ మిధాని పనిచేసింది. నయోబియం నుంచి పుట్టే రేడియోధార్మిక నయోబియం-94 అర్ధాయువు సుమారు 20,000 ఏళ్లు కాబట్టి దాన్నీ మాలిబ్డినాన్నీ తప్పించి, వేర్వేరు పాళ్లలో ఉక్కును కరిగించి పరీక్షించిన తర్వాతే 1.4 శాతం టంగ్‌స్టన్, 0.06 శాతం టాంటలం దగ్గర నిలిచారు. ఆ పరీక్షలు చేసినవారికీ, వాటిని తమ సమీక్షా పత్రంలో నాలుగు వాక్యాల్లో చెప్పినవారికీ ఒకే తక్కెడ ఎలా పెడతారు?

గణనప్రియ:
శ్రమ ఎక్కువైనంత మాత్రాన నమూనాలు చేసేవారి పని తేలికైపోదు. ఫ్యూజన్‌లో పుట్టే 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల న్యూట్రాన్లను పదార్థాల పరీక్షకు చాలినంత తీవ్రతతో ఇచ్చే కేంద్రం ఇప్పటికీ లేదు, స్పెయిన్‌లోని గ్రనాడా దగ్గర దాన్ని ఇంకా కడుతున్నారు. ఆ న్యూట్రాన్లు ఉక్కు లోపల దాన్ని పాడుచేసే హీలియాన్ని పుట్టిస్తాయి, మామూలు విచ్ఛిత్తి రియాక్టర్లలో అంత హీలియం పుట్టదు. ఆ వెలితిని పూరించేది లెక్కలే, అందుకే వాటిని ఎక్కువమంది ఉటంకిస్తారు.

క్రీపు పరీక్షకుడు:
నేనడిగింది సమీక్షా పత్రాల గురించి. దానికి మీరు జవాబు చెప్పలేదు.

తెనాలి రీడరు:
సమీక్షలను తీసేసి లెక్కిస్తే ఈ గొడవ తీరుతుంది కదా?

గణనప్రియ:
తీసేయండి, నాకు అభ్యంతరం లేదు. చెల్లాచెదురుగా ఉన్న ఫలితాలను ఒకచోట చేర్చి, ఏది నమ్మదగినదో తేల్చి చెప్పడం కూడా పరిశోధనే అన్న మాటను మాత్రం వదులుకోను.

క్రీపు పరీక్షకుడు:
కొలిమి ముందు ఒక్క రాత్రి కూడా కూర్చోనివారు ఏది నమ్మదగినదో ఎలా తేలుస్తారండీ? మీ ధోరణి నాకు బాధ కలిగిస్తోంది.

గణనప్రియ:
బాధ మీకొక్కరికే లేదు, మాస్టారూ. ఒక సంస్థ ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న, నేను ఎవరి దగ్గర పీహెచ్‌డీ చేశానని. ఆ పేరు చెప్పగానే గదిలో ఇద్దరు కాగితాలు మూసేశారు, నా పని గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పేరున్న గురువు లేని జిల్లా విశ్వవిద్యాలయం నుంచి వచ్చినదానికి నా చేతిలో ఉన్న సాక్ష్యం ఆ సంఖ్య ఒక్కటే. దాన్ని తీసేస్తే మిగిలేది పెద్దల సిఫారసే.

క్రీపు పరీక్షకుడు:
మీకు జరిగింది అన్యాయమే, ఆ మాట ముందే అనవలసింది. నాకు జరిగిందీ చెబుతాను. నేను మూడేళ్లు కొలిచిన విలువలతో వచ్చిన ఒక పత్రాన్ని ఇప్పటికీ ఉటంకిస్తున్నారు. అందులో నా పేరు రచయితల్లో లేదు, చివర కృతజ్ఞతల వరుసలో ఇంటిపేరు కూడా లేకుండా ఉంది. మీ లెక్క ప్రకారం నేను ఏమీ చేయనివాణ్ణి.

గణనప్రియ:
అది ఘోరమైన తప్పు. అయితే ఆ తప్పు చేసింది సంఖ్య కాదు, రచయితల పేర్లు నిర్ణయించినవారు. ఎంపిక సంఘాల్లో కూర్చునేదీ అటువంటి పెద్దలే కదా? మరి సంఖ్యను పక్కనపెట్టి వారి వివేకాన్ని నమ్మమని నన్నెలా అడుగుతారు?

క్రీపు పరీక్షకుడు:
వారిని నమ్మమని అడగడం లేదమ్మా. మీ సంఖ్యతో పాటు, ఏ కడ్డీని ఎవరు ఏ తేదీన బిగించారో రాసి ఉన్న మా ప్రయోగశాల నమోదు పుస్తకాన్ని కూడా ఆ బల్ల మీద పెట్టాలంటున్నాను.