కళ్లు పొడిబారితే విటమిన్ డి వేసుకోవాలా?

కలువరేకు:
కళ్లలో మంట, ఇసుక పడ్డట్టు గరగర అని వెళ్తే చుక్కల మందుతో పాటు 60,000 ఐయూ (విటమిన్ మోతాదు కొలిచే యూనిట్లు) విటమిన్ డి సాచెట్ కూడా రాస్తున్నారు. అనవసరమని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. 2016లో దక్షిణ కొరియా వైద్యులు ఒక అధ్యయనం వెలువరించారు. విటమిన్ డి లోపం ఉండి, మామూలు చికిత్సకు కళ్లు దారికి రాని 105 మందికి 2 లక్షల ఐయూ ఇంజెక్షన్ చేస్తే కన్నీరు ఊరడం, కన్నీటి పొర నిలవడం రెండూ మెరుగుపడ్డాయి. ఖర్చు తక్కువ, వాపును తగ్గించే గుణం ఉంది. ఎందుకు వద్దనాలి?

రెప్పఅంచు:
ఆ అధ్యయనంలో పోల్చడానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపు లేదండీ. అసలు చిక్కంతా అక్కడే. ఈ జబ్బు ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువగా ఉంటుంది. బాగా ముదిరినప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్తాం కాబట్టి, ఆ తర్వాత ఏం వేసుకున్నా కొంత తగ్గినట్టే కనిపిస్తుంది. కళ్లు పొడిబారితే వాడే చేపనూనె సంగతీ ఇంతే. 2018లో వచ్చిన అమెరికా పరీక్షలో రోజుకు 3 గ్రాముల చొప్పున ఏడాదిపాటు ఇచ్చారు. ఆలివ్ నూనె మాత్రలు వేసుకున్నవాళ్లకూ దాదాపు అంతే తగ్గింది.

పైగా పొద్దస్తమానం ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చునేవారికి ఎండ తగలదు, రెప్పా సరిగా వాలదు. డి తగ్గడం, కన్ను ఆరడం రెండూ ఆ ఒక్క కారణంతోనే రావచ్చు. ఒకటి రెండోదానికి కారణమని ఎలా తేలుస్తాం?

మందులకొట్టు:
వాదన ఎటు తేలినా మోతాదు దగ్గర జాగ్రత్త. 60,000 సాచెట్ వారానికి ఒకటి, సాధారణంగా 8 వారాలు. ఆ తర్వాత నెలకొకటి, అంటే సగటున రోజుకు 2,000 ఐయూ. వారానికి ఒకటి అని రాసినదాన్ని రోజుకొకటి అనుకుని వాడేయడమే పెద్ద ప్రమాదం. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి, కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల వాపు గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్లు, థయజైడ్ రకం బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. పరగడుపున కాకుండా భోజనం చేశాక వేసుకోండి, కొవ్వుతో కలిస్తేనే బాగా ఒంటబడుతుంది. మల్టీవిటమిన్‌లోనూ, కాల్షియం మాత్రలోనూ డి ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోవాలి.

కలువరేకు:
పోల్చే గుంపు లేదన్నది నిజమే. కానీ రక్తంలో విటమిన్ డి ఎంతుందో చూపే 25-హైడ్రాక్సీ పరీక్షలో 12 (మిల్లీలీటరుకు నానోగ్రాములు) వచ్చినవాళ్లకు ఎముకల కోసమైనా ఇవ్వాల్సిందేగా? తిరుపతి లాంటి ఎండ ఊళ్లో కూడా ఈ లోపం విస్తారంగా ఉందని తేలింది.

రెప్పఅంచు:
12 అయితే తప్పకుండా ఇవ్వాలి, 20 లోపుంటే లోపమే. నేను కాదంటున్నది పరీక్ష లేకుండా రాయడాన్ని, 35 ఉన్నవాళ్లకు కూడా కంటి మందని ఇవ్వడాన్ని. సాచెట్ చేతికివ్వగానే రెప్పల సంగతి మరుగున పడుతుంది, నా బాధ అది. చాలామందిలో నీరు తక్కువై కాదు, పైనుండే నూనె పొర చాలక కన్ను ఆరిపోతుంది. రెప్ప అంచును వేలితో నొక్కితే మైబోమియన్ గ్రంథుల నుంచి పల్చటి నూనె రావాలి. టూత్‌పేస్ట్‌లా చిక్కగా వస్తే దారి మూసుకుపోయినట్టే. దానికి 40 డిగ్రీలకు కాస్త పైన ఉండే వెచ్చని కాపడం 8 నుంచి 10 నిమిషాలు పెట్టి, వెంటనే రెప్పను అంచు వైపు మెల్లగా రుద్దాలి. తడిగుడ్డ రెండు నిమిషాలకే చల్లారుతుంది, మార్చకపోతే లోపలి నూనె కరగదు. "కాపడం పెట్టినా తగ్గలేదు" అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

చుక్కలు రోజుకు నాలుగుసార్లు దాటితే బెంజాల్కోనియం లేనివి అడగండి, ఆ ప్రిజర్వేటివ్ కంటి పైపొరనే గాయపరుస్తుంది. నోరు కూడా ఎండిపోతూ కీళ్లు నొప్పులుంటే ష్యోగ్రెన్స్ (ఒంటి రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడిచేసే జబ్బు) పరీక్షలు ముందు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే కంటి డాక్టరుకు ఆ మాట చెప్పండి.

మందులకొట్టు:
ఒక్కటి కలుపుతాను. కోర్సు అయ్యాక వెంటనే కాదు, మొదలుపెట్టిన మూడు నెలలకు రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. కంటి దగ్గర కూడా అప్పుడే కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తోందో చూపించుకోండి. డి 40కి చేరినా అది 10 సెకన్ల లోపే చెదిరిపోతుంటే సాచెట్లు పెంచడం కాదు, రెప్పల వైద్యం గట్టిగా చేయించాలి.