రాజీనామా మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

నేను హైదరాబాద్‌లో ఒక ప్రాపర్టీ లిస్టింగ్ కంపెనీలో వెరిఫికేషన్ టీమ్‌లో చేస్తున్నాను. రోజంతా ఓనర్లకు ఫోన్లే. "సార్, నల్లగండ్ల టూ బీహెచ్‌కే ఇంకా ఖాళీగా ఉందా? అడ్వాన్స్ ఎంత? బ్యాచిలర్స్‌కి ఇస్తారా?" వేరే అపార్ట్‌మెంట్ ఫోటోలు పెట్టి మోసం చేసే బ్రోకర్లను పట్టుకునేది మేమే. సోమవారం మా టీమ్ మొత్తాన్నీ పిలిచి, ఇకపై ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుందన్నారు. మెయిల్‌లో లేఆఫ్ అన్న మాటే లేదు. "వ్యక్తిగత కారణాలతో రాజీనామా చేస్తున్నాను" అని వాళ్లే రాసి పంపారు. శుక్రవారంలోగా సంతకం పెడితే రెండు నెలల జీతం ఇస్తారట. ఇంకో రెండు నెలలైతే ఐదేళ్లు నిండేవి. గ్రాట్యుటీ పోయినట్టేనా? అమ్మ డయాలసిస్ కంపెనీ ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మియాపూర్ మామ:
సంతకం పెట్టకమ్మా. కంపెనీయే తీసేస్తే లేబర్ చట్టం లెక్కలో కార్మికుల కిందకి వచ్చేవాళ్లకు నోటీసు జీతం కాక, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. మీరు చేసేది గుమాస్తా తరహా పని, టీమ్‌లీడ్ కాదు కాబట్టి మీకు వర్తించే అవకాశం ఎక్కువ. మీ అంతట మీరే మానేశారని రాసిస్తే ఆ పరిహారం అడగడం కష్టం. "తొలగిస్తున్నట్టు లెటర్ ఇవ్వండి" అని మెయిల్‌లోనే అడగండి. పాత మెయిల్స్, పేస్లిప్పులు ఈ రాత్రికే దాచుకోండి. లాగిన్ ఎప్పుడు తీసేస్తారో చెప్పలేం.

లేబర్ కేసులు చూసే అక్క:
గ్రాట్యుటీ పోయినట్టే అనుకోవద్దు. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉంది. అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. ముందు రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టండి, ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్లండి. వేరే రాష్ట్రాల్లో బ్రాంచీలుంటే కేంద్ర లేబర్ ఆఫీసు.

సియాటెల్ నుంచి:
ఇక్కడ జిల్లో అనే ఇళ్ల లిస్టింగ్ కంపెనీ 2021 నవంబరులో ఇళ్లు కొనే విభాగం మూసేస్తున్నామని, ఉద్యోగుల్లో పాతిక శాతాన్ని తగ్గిస్తామని ప్రకటించింది. ధరలు సరిగ్గా అంచనా వేయలేకపోయామని కంపెనీయే చెప్పింది. మీరు "వ్యక్తిగత కారణాలు" అని ఎందుకు రాయాలి?

ప్రశ్న అడిగినవారు:
మామ గారూ, మెయిల్ పెట్టేశాను. టీమ్‌లో మిగతావాళ్లకూ చెప్పాను, ఇద్దరు మాత్రం అప్పటికే సంతకం పెట్టేశారు. మరి అమ్మ ఇన్సూరెన్స్ సంగతి?

లేబర్ కేసులు చూసే అక్క:
చివరి పనిదినం లోపే అదే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, గ్రూప్ పాలసీ నుంచి సొంత పాలసీకి మార్చమని అడగండి. డయాలసిస్ కాబట్టి ప్రీమియం ఎక్కువ చెప్పొచ్చు, కాదనడానికీ చూడొచ్చు. అయినా అడగండి, జవాబు రాతలోనే తీసుకోండి. సంతకం పెట్టిన ఆ ఇద్దరినీ నాకు మెసేజ్ చేయమనండి.