అప్‌డేట్: పాత ఎస్2000 సంగతి తేలింది

కొత్త కారు ధర పెట్టి ఇరవై ఏళ్ల నాటి హోండా ఎస్2000 (రెండు సీట్ల ఓపెన్‌టాప్ స్పోర్ట్స్ కారు) కొనొచ్చా అని డాలస్ నుంచి అడిగాను కదా. చాలామంది "అదే డబ్బుకి వారంటీతో కొత్త మాజ్డా మియాటా వస్తుంది" అన్నారు. ఒకరిద్దరు మాత్రం ముందు ఫెండర్ల (ముందు చక్రాల పై రేకుల) మీద విన్ స్టిక్కర్లు, అంటే కారు గుర్తింపు నంబరు స్టిక్కర్లు, చూడమన్నారు. ఆ సలహాకి దండం.

నేను కన్నేసిన 2002 ఎర్ర కారు పైకి నిగనిగలాడుతోంది. హుడ్ ఎత్తితే కుడి ఫెండర్‌కి స్టిక్కర్ లేదు, బోల్టుల తలల మీద పెయింట్ లేచిపోయి ఉంది. అంటే ఎప్పుడో దెబ్బ తిని ఆ రేకు మార్చి ఉంటారు. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లలోకి గాలి ఎక్కించి ఎంత లీకవుతుందో చూసేది) అనగానే అమ్మేవాడు మాట మార్చేశాడు. పాత మోడళ్లలో పై గేరు నుంచి పొరపాటున రెండులోకి పడితే ఇంజన్ హద్దు మీరి తిరిగి వాల్వ్ రిటైనర్లు (వాల్వ్ స్ప్రింగుల్ని పట్టి ఉంచే ముక్కలు) చిట్లే ప్రమాదం ఉంది. ఆ టెస్ట్ లేకుండా కొనడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. వచ్చేశాను.

చివరికి 2006 మోడల్ తీసుకున్నా. మైళ్లు ఎక్కువే, కానీ సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి, నాలుగు సిలిండర్లూ టెస్టులో బాగా వచ్చాయి. అమెరికాలో దీనికి స్టెబిలిటీ కంట్రోల్ (కారు అదుపు తప్పి జారకుండా చూసేది) వచ్చింది కూడా ఆ ఏడాదే. అది లేకపోతే ఇంట్లో ఒప్పుకునేవారు కాదు లెండి.

ధర తగినదేనా అంటే, నడిపేవాళ్లకి తగినదే. 2009లో ఆపేశాక హోండా ఇలాంటిది మళ్లీ చేయలేదు. ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర వీటెక్ (ఇంజన్ వేగం పెరిగాక వాల్వ్‌లను ఇంకా ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు) అందుకున్నప్పుడు వచ్చే ఊపు వేరు. గ్యారేజీలో కప్పిపెట్టిన తక్కువ మైళ్ల కార్లకి అడిగే రేట్లు మాత్రం నా దృష్టిలో దండగ.

సాఫ్ట్‌టాప్ (మడిచే పైకప్పు) వెనక మూల చిరిగింది. ఇక్కడ బాగా మార్చేవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి.