విడాకుల లాయర్‌ని మొదటిసారి కలిసేటప్పుడు ఏం అడగాలి?
అందరికీ నమస్కారం. విడిపోదామని నేనూ మా ఆయనా ఒప్పుకున్నాం, కానీ పాప ఎవరి దగ్గర ఉండాలి, ఇద్దరి పేరు మీదా ఉన్న ఇంటి లోన్ ఎవరు కట్టాలి అనే దగ్గర మాట తెగట్లేదు. ఒకరే కేసు వేస్తే సాక్ష్యాలు, వాయిదాలతో సాగుతుంది కాబట్టి ముందు మధ్యవర్తి దగ్గరికి వెళ్దామని నా ఆలోచన. ఆయనేమో ఇద్దరికీ ఒకే లాయర్ చాలంటున్నారు, నాకది అస్సలు నచ్చలేదు, రేపు తేడా వస్తే ఆ లాయర్ ఎవరి వైపు మాట్లాడతారు? లోన్ తనే కడతానని ఆయన కోర్టులో రాసిచ్చినా, నా సంతకం ఉన్నంతకాలం బ్యాంకు నన్నూ అడుగుతుంది కదా, మరి ఒప్పందంలో ఏం రాయించుకోవాలి? పాప గురించే ఎక్కువ టెన్షన్. ఫీజు మొత్తంగా మాట్లాడుకోవాలా, వాయిదాకింత అనా? ఏ కాగితాలు తీసుకెళ్లాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.