తాతగారి పెట్టెలో మెడల్: డీఎఫ్‌సీయేనా?

గోదారి_కుర్రాడు:
మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నారు, బర్మా వైపు. ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ (డీఎఫ్‌సీ), అంటే విమానంలో శత్రువుతో పోరాడినవాళ్లకు బ్రిటిష్ వాళ్లు ఇచ్చే సాహస పతకం, వచ్చిందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మొన్న ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెలో ఓ మెడల్ దొరికింది. పేరు ఎక్కడా లేదు. అదేనని తేల్చుకోవడం ఎలా?

పాత_వింగ్:
ముందు రిబ్బన్ చూడండి. డీఎఫ్‌సీకి తెలుపు, ఊదా చారలు ఏటవాలుగా ఉంటాయి. ఏటవాలు చారలే కానీ ఎరుపు, తెలుపు అయితే అది ఎయిర్‌ఫోర్స్ క్రాస్. శత్రువుతో పోరులో కాకుండా మిగతా ఫ్లయింగ్‌కి ఇచ్చేది. పేరు లేదని బెంగ వద్దు. డీఎఫ్‌సీ మీద పేరు చెక్కి ఇచ్చేవారు కాదు. ఆ యుద్ధకాలం నాటి వాటికి వెనక కింది కొమ్ము మీద సంవత్సరం ఉంటుంది.

డాలస్_బాబాయ్:
వెండిదా? మా పక్కింటాయన వియత్నాంలో హెలికాప్టర్ నడిపి తెచ్చుకున్నది కంచుది. శిలువ మీద నాలుగు రెక్కల ప్రొపెల్లర్, నీలం రిబ్బన్ మధ్యలో ఎర్ర గీత.

పాత_వింగ్:
బాబాయ్, అది అమెరికా వాళ్లది. పేరొక్కటే, మెడల్ వేరు. వాళ్లు 1926లో పెట్టారు, మరుసటి ఏడే అట్లాంటిక్‌ని ఒంటరిగా దాటిన పైలట్ లిండ్‌బర్గ్‌కి ఇచ్చారు. సైనికురాలు కాని పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్‌కి కూడా 1932లో దక్కింది. బ్రిటిష్ వాళ్లది 1918 జూన్‌లో మొదలైంది. అది అందుకున్న మొదటి భారతీయుడు కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్. 1918 జూలైలో రెండు వారాలు తిరక్కుండా శత్రు విమానాల మీద పది విజయాలు సాధించి, అదే నెల 22న కూలిపోయాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. డీఎఫ్‌సీ ప్రకటన ఆయన పోయాకే వచ్చింది. తర్వాత మన వైమానిక దళాధిపతి అయిన అర్జన్ సింగ్ గారిది 1944, ఇంఫాల్ పోరులో.

గోదారి_కుర్రాడు:
రిబ్బన్ ముదురు నీలం, మధ్యలో ఎరుపు, అటూ ఇటూ నారింజ గీతలు. మెడల్ ఆరు కోణాల నక్షత్రం.

సికింద్రాబాద్_సుజాత:
అది బర్మా స్టార్ అండీ, బర్మా యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చింది! మా నాన్నగారిదీ అచ్చం అదే. మధ్యలో కిరీటం, దాని చుట్టూ ఇంగ్లిష్‌లో 'ద బర్మా స్టార్' అని ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. మా అత్తయ్య దీపావళికి ఇత్తడి సామానుతో పాటు తోమేసింది, అక్షరాలు సగం అరిగాయి.

గోదారి_కుర్రాడు:
అయితే ఇంట్లో ఇన్నాళ్లూ చెప్పింది ఉత్త మాటేనా? ఆయన విమానాల్లో తిరిగేవారని నానమ్మే చెప్పేది.

పాత_వింగ్:
అప్పుడే అంత మాట ఎందుకు? క్రాస్ విడిగా ఉండి ఎవరి చేతికో వెళ్లి ఉండొచ్చు. ఈ అవార్డులు ప్రకటించే బ్రిటిష్ ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్ పాత సంచికలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వెతకండి. మన ఇంటిపేర్లను వాళ్లు ఇష్టమొచ్చినట్టు రాసేవారు కాబట్టి నాలుగు రకాల స్పెల్లింగ్ వేసి చూడాలి. అంతకంటే ముందు ర్యాంక్ చూడండి. అప్పట్లో డీఎఫ్‌సీ ఆఫీసర్లకు, వారంట్ ఆఫీసర్లకు మాత్రమే. కింది ర్యాంకుల్లో ఎగిరేవాళ్లకు ఇచ్చేది డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్.

గోదారి_కుర్రాడు:
డిశ్చార్జ్ కాగితం దొరికింది. ర్యాంక్ దగ్గర 'ఎల్.ఏ.సీ.', పక్కన 'ఫిట్టర్' అని ఉంది.

సికింద్రాబాద్_సుజాత:
లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్. అంటే గ్రౌండ్ క్రూ. రిపేరు చేసిన ఇంజన్ని పరీక్షించడానికి పైలట్‌తో పాటు పైకి వెళ్లిన సందర్భాలు మా నాన్నగారు తెగ చెప్పేవారు, మీ నానమ్మగారు విన్నది అలాంటిదే కావచ్చు. ఆయనా ఫిట్టరే, బర్మాలోనే. స్క్వాడ్రన్ నంబర్ ఏమైనా ఉందా అండీ?