చాక్లెట్ చిమ్మిలి అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఒక పేరు గురించి మీ అందరి మాటా వినాలని రాస్తున్నాను. కాస్త పొడుగైంది.

మొన్న నాగుల చవితికి అమలాపురం దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. పొద్దున్నే పుట్టలో పాలు పోసి వచ్చాం. చలిమిడి, వడపప్పు, చిమ్మిలి ఉన్న పళ్ళెం వంటింటి గట్టు మీదే ఉంది. దాని పక్కన మా అన్నయ్య కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, తన సరంజామా పరుచుకుంది. పావుకిలో వేరుశనగ గుళ్ళు దోరగా వేయించి, నలిపి, పొట్టు ఊదేసి మిక్సీలో వేసింది. ముందు పొడి అయ్యాయి. అంచులకి అంటుకున్నది చెంచాతో లాగి మళ్ళీ తిప్పింది. ఉండ కట్టింది. ఇంకా తిప్పింది. నాలుగైదు నిమిషాలకి ఆ ఉండ దానంతట అదే విడిపోయి, నిగనిగలాడుతూ జారుగా అయింది. నూనె చుక్క వెయ్యలేదు, నీటి చుక్క వెయ్యలేదు. అందులో గింజ తీసిన ఖర్జూరాలు ఓ పదిహేను, కోకో పొడి రెండు చెంచాలు వేసి మళ్ళీ తిప్పి, ఉసిరికాయంత ఉండలు చుట్టి, వేడినీళ్ళ గిన్నె మీద కరిగించిన నల్ల చాక్లెట్‌లో ముంచి ఫ్రిజ్‌లో పెట్టింది.

"అత్తా, వీటిని నో బేక్ నట్ బటర్ బైట్స్ అంటారు. తెలుగులో ఏమనాలి?" అంది.

నేను ఆలోచిస్తుండగానే అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "చిమ్మిలే కదే ఇది! నువ్వులకి బదులు వేరుశనగ గుళ్ళేశావు, అంతే" అంది.

అప్పట్నుంచీ ఆ మాట నా బుర్రలోనే తిరుగుతోంది. అమ్మ అన్నదే సరైన పేరని నాకు గట్టిగా అనిపిస్తోంది.

చిమ్మిలి ఎలా చేస్తాం? నువ్వులు కడిగి, ఆరబెట్టి, రోట్లో వేసి, బెల్లం చేర్చి దంచుతాం. పాకం లేదు, నెయ్యి లేదు. మా ఇంట్లో అయితే నువ్వులు వేయించడం కూడా లేదు. మొదట పొడిపొడిగా ఉంటుంది. రోకటి పోటు పడేకొద్దీ రంగు ముదిరి, రోకలి చివరి ఇనుప పొన్నుకి అంటుకుంటూ వచ్చి, చివరికి రోటి అంచున నూనె మెరుస్తుంది. అప్పుడు ఉండ చుడితే చెయ్యంతా జిడ్డవుతుంది గానీ ఉండ విడదు. నువ్వుల బరువులో ఇంచుమించు సగం నూనే. వేరుశనగలోనూ, జీడిపప్పులోనూ 45 శాతానికి అటూఇటూగా ఉంటుంది. గింజ తన నూనెతో తానే ముద్దవడం, ఆ ముద్దే తీపిని పట్టి ఉంచడం, ఇదీ చిమ్మిలి. రోట్లో అమ్మ ఏళ్ళ తరబడి చూసిందీ, మిక్సీ గిన్నెలో ఆ పిల్ల మొన్న చూసిందీ ఒకటే.

ఇక 'నో బేక్' సంగతి. దీన్ని మాటకి మాట తెలుగు చెయ్యబోతే 'కాల్చని' అనో, 'పొయ్యి ఎక్కించని' అనో అనాలి. మన వంటలో బేక్‌కి దగ్గరగా వచ్చేది దిబ్బరొట్టె ఒక్కటే. కింద సెగ, మూత మీద నిప్పులు. మిఠాయిల దగ్గర మనం చూసుకునే తేడా అది కాదు, పాకం పట్టామా లేదా అన్నది. అరిసె, పాకుండ, కాజా, తీర్థంలో జీళ్ళు, ఇవన్నీ పాకం మీద బతికేవి. పాకం లేనివి వేరే వరస: చిమ్మిలి, పచ్చి చలిమిడి, సున్నుండ. కాబట్టి చిమ్మిలి అన్నామంటే పాకం లేదని వేరే చెప్పక్కర్లేదు.

'నట్ బటర్'ని వేరుశనగ వెన్న అని కొందరు రాస్తున్నారు. నేను తప్పనను. వెన్న అంటేనే తెల్లని నెయ్యి. నువ్వుకి నెయ్యి చేరి నూనె అయింది. తమిళంలో ఎళ్ళు, నెయ్ కలిసి ఎణ్ణెయ్ అయినట్టే. పాడి కొవ్వుకీ గింజ కొవ్వుకీ ఒకే మాట సరిపెట్టుకున్న భాష మనది. అయినా వంటింట్లో పనిచేసే చెయ్యి దాన్ని 'ముద్ద' అనే అంటుంది. నాకు ఆ మాటే ఇష్టం.

చాక్లెట్ చిమ్మిలి అనొచ్చా? మీరేమంటారు?

భీమవరం నుంచి:
అమ్మా, మీ వాదన బాగుంది గానీ నాకు మనసొప్పట్లేదు. చిమ్మిలి పుట్ట దగ్గర పెట్టే నైవేద్యం. మా ఇళ్ళల్లో పిల్ల పెద్దమనిషైతే దంచి పెట్టేది. నువ్వులు లేని చిమ్మిలి ఎక్కడన్నా ఉందా? 'చాక్లెట్ ఉండలు' అంటే చాలు కదా, ఎవరికైనా అర్థమవుతుంది.

ఏలూరు నుంచి:
మాకు కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉందండి. అందుకని ఒక మాట చెప్పాలి. కోకో కాయ కొమ్మ చివర కాకుండా మానుకే అంటుకుని కాస్తుంది. కాయ పగలగొడితే తెల్లటి తియ్యటి గుజ్జులో గింజలు. వాటిని అరటాకులు కప్పి ఐదారు రోజులు మగ్గబెట్టి ఎండలో పోస్తాం. ఆ గింజని వేయించి, పెంకు తీసి, ఊరికే నూరి చూడండి. అందులోనూ సగానికి సగం కొవ్వే. నీళ్ళు వెయ్యకుండానే ముద్దయి, నూరగా నూరగా జారుతుంది. దానికి చక్కెర చేరిస్తే చాక్లెట్. అంటే చాక్లెట్ కూడా చిమ్మిలి వరసదే. మీ మేనకోడలు చేసింది ఒక చిమ్మిలికి ఇంకో చిమ్మిలి పూత. మీ అమ్మగారి మాటకే నా ఓటు.

రావులపాలెం నుంచి:
పేరు మీరంతా తేల్చండక్కా. నాకు క్రియ కావాలి. ఫ్రిజ్‌లో పెట్టాక 'సెట్ అయింది' అంటున్నాం. దానికి తెలుగు ఏది?

మొదట రాసినామె జవాబు:
భీమవరం బాబాయ్ గారూ, మీ మాట తీసెయ్యడానికి లేదు. చవితి పళ్ళెంలో నువ్వుల చిమ్మిలే ఉంటుంది, అక్కడ ఇంకొకటి పెట్టమని ఎవరూ అనరు. కానీ ఒక్కటి చూడండి. నువ్వులూ బెల్లమే పాకం పట్టి కలిపితే 'నువ్వులుండ' అంటాం. అవే నువ్వులు, అదే బెల్లం దంచితే 'చిమ్మిలి' అంటాం. సరుకు ఒకటే, పేరు మారింది. అంటే ఆ పేరు పుట్టింది గింజని బట్టి కాదు, చేసిన తీరుని బట్టి. 'ఉండ' అంటే ఆకారమే తెలుస్తుంది. సున్నుండా ఉండే, పాకుండా ఉండే, ఎలా చేశారో ఆ మాట చెప్పదు.

కొత్త సరుక్కి పాత మాట తొడగడం మనవాళ్ళకి కొత్త కాదు. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. శనగల్లా ఉంది, వేళ్ళ దగ్గర దొరికింది, వేరుశనగ అన్నారు. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. మనకి నల్లజీడి ముందే తెలుసు, చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టేది దాని రసంతోనే. ఆ జీడిని మామిడికి చేర్చి కొత్త చెట్టుకి పేరు పెట్టుకున్నారు. ఇవాళ మా కోనసీమలోని మోరి ఊరి జీడిపప్పు అంటే అది ఎక్కణ్ణుంచో వచ్చిన మాటలా ఎవరికీ వినిపించదు. అలాగే చిమ్మిలికి ముందు 'చాక్లెట్' తగిలిస్తే నువ్వుల చిమ్మిలికి వచ్చే లోటేమీ ఉండదని నా నమ్మకం.

ఏలూరు వారూ, 'పూత' అన్నారు చూడండి, ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఆత్రేయపురంలో పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. ఆ పూత రేకై లేస్తుంది, పూతరేకు. చాక్లెట్ కోటింగ్ అనే బదులు చాక్లెట్ పూత అంటే సరిగ్గా అతుకుతుంది.

రావులపాలెం తమ్ముడూ, మీరడిగిన క్రియ మనింట్లోనే ఉంది. చలికాలం నెయ్యి ఏమవుతుంది? పేరుకుంటుంది. కోనసీమలో సంక్రాంతి రోజుల్లో తెల్లారి లేచి చూస్తే సీసాలో కొబ్బరినూనె ఏమవుతుంది? పేరుకుంటుంది. చాక్లెట్ చేసేదీ అదే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర, కోకో కొవ్వు 34 డిగ్రీల దగ్గర కరుగుతాయి. అందుకే చాక్లెట్ మన నోట్లో కరుగుతుంది, వైశాఖంలో మన గట్టు మీదా కరుగుతుంది. పెరుగు తోడుకుంటుంది, పాకం ముదురుతుంది, కొవ్వు పేరుకుంటుంది. మూడింటికీ మూడు మాటలున్నప్పుడు అన్నిటికీ 'సెట్' వాడితే ఆ తేడా పోతుంది.

ఇంకో క్రియ కూడా దొరికింది, నష్టపోయి నేర్చుకున్నాను. మా ఇంటికొచ్చాక నేనూ చేశాను. కరుగుతున్న చాక్లెట్‌లో తడి చెంచా పెట్టాను. క్షణంలో మెరుపు పోయి, పొరపొరలాడుతూ చెంచాకి ముద్దకట్టింది. మా అత్తగారు చూసి "బిరుసెక్కిపోయిందే" అన్నారు. సరిగ్గా అదే. పొడి పొడిగా ఉన్న చక్కెర, కోకో ఆ రెండు చుక్కల నీటికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వేడి పాలు నాలుగు చెంచాలు పోసి కలిపితే మళ్ళీ నునుపెక్కింది గానీ ఇక పేరుకోలేదు, రొట్టెకి రాసుకున్నాం. చాక్లెట్‌లో బెల్లం తురుము వేద్దామనుకునేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోండి, బెల్లంలో చెమ్మ ఉంటుంది. దాన్ని లోపలి ముద్దలో వేసుకోండి, పైపూతలో వద్దు.

మండపేట నుంచి:
మా నాయనమ్మ చిమ్మిలి అనేది కాదండి, 'చిమ్మిరి' అనేది. రెండూ ఒకటేనా?

మొదట రాసినామె జవాబు:
ఒకటేనండి. ల, ర అక్షరాలు ఒకదాని చోట ఒకటి రావడం మన నోట మామూలే. మీ ఊళ్ళో ఇంకా ఎవరైనా అలా అంటున్నారా? వాళ్ళ వయసు, ఊరు పేరు రాయండి, వరసగా పెట్టుకుందాం. ఇంకొకటి కూడా అడగండి: దంచుతుంటే రోటి అంచున చేరే ఆ నూనెని చూసి వాళ్ళు ఏమనేవారు? 'నూనె దిగింది' అని మా అమ్మ అంటుంది. మా పెద్దమ్మ 'నూనె కక్కింది' అంటుంది.